పెన్సిల్ ఆఖర్న: మాంటిస్సోరి పద్ధతిలో పిల్లలకు రాత ఎలా వస్తుంది

నాలుగేళ్ల పిల్లాడి చేతికి పెన్సిలిచ్చి "అ రాయి" అన్నప్పుడు మనం అడుగుతున్నది ఒక్క పనే అనుకుంటాం. వాడు ఒకేసారి చేయాల్సినవి ఎన్నో చూడండి. పెన్సిల్‌ని మూడు వేళ్లతో పట్టుకోవాలి, కాగితం చిరగకుండా, అలాగని గీత అలికినట్టు కాకుండా సరిపడా నొక్కాలి, అక్షరం రూపం గుర్తు తెచ్చుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలో తెలియాలి, రెండు గీతల మధ్యే ఉండాలి, వీటన్నిటి మధ్యలో పక్కన కూర్చున్న పెద్దవాళ్ల మొహం ఎలా ఉందో కూడా కనిపెడుతూ ఉంటాడు. ఇందులో ఏది తప్పినా పైనుంచి వచ్చే మాట ఒకటే, "సరిగ్గా రాయలేదు" అని. ఏది తప్పిందో వాడికి తెలియదు, చాలాసార్లు చెప్పేవాళ్లకూ తెలియదు. రూపం తెలిసి వేళ్లు మాట వినని పిల్లాడికీ, వేళ్లు బాగానే ఉండి రూపం గుర్తులేని పిల్లాడికీ ఒకటే మందు: ఇంకో పేజీ దిద్దు.

మరియా మాంటిస్సోరి వందేళ్లకు పైగా కిందట విప్పింది సరిగ్గా ఈ చిక్కుముడినే. ఆమె లెక్కలో రాత ఒక పని కాదు, రెండు. ఒకటి చేతిది: పనిముట్టును పట్టుకోవడం, తేలిగ్గా కదపడం, అనుకున్న చోట ఆపడం. రెండోది బుద్ధిది: మాటను శబ్దాలుగా విడగొట్టడం, ఏ శబ్దానికి ఏ గుర్తో తెలియడం. ఈ రెండింటినీ వేర్వేరు వస్తువులతో, ఒకదానికోసం ఇంకొకటి ఆగాల్సిన పని లేకుండా తయారు చేస్తే అవి చివర్లో కలుస్తాయన్నది ఆ పద్ధతి మొత్తానికి మూలం. గరుకు అక్షరాలు, ఇసుక పళ్లెం, పేర్చే అక్షరాలు అన్నీ ఆ విడదీయడానికి ఉపయోగపడే సామాను, అంతే. ఆ సంగతి పట్టుకోకుండా సామాను మాత్రం కొనుక్కొచ్చి పెడితే అది ఇంకాస్త ఖరీదైన దిద్దుడే అవుతుంది, ఇప్పుడు ఎక్కువ చోట్ల జరుగుతున్నదీ అదే.

ఈ ఆలోచన ఆమెకు తట్టింది రాత దగ్గర కాదు, కుట్టుపని దగ్గర. మాంటిస్సోరి వృత్తిరీత్యా డాక్టర్. రోమ్‌లో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలతో పనిచేస్తున్న రోజుల్లో పదకొండేళ్ల పాప ఒకరికి సూదితో రఫ్ఫు చేయడం ఎంత చెప్పినా రాలేదు, చేతుల్లో బలం ఉంది, కదలికలు బాగానే ఉన్నాయి, అయినా రాలేదు. అప్పుడు సూది పక్కనపెట్టి కాగితపు పట్టీలను కిందికీ పైకీ దూర్చే చాప అల్లిక ఇచ్చారు, కిండర్‌గార్టెన్ మొదలుపెట్టిన ఫ్రోబెల్ పిల్లల కోసం వాడిన పని అది. కొన్నాళ్లు అది చేశాక సూది చేతికిస్తే ఆ పాప రఫ్ఫు చేసేసింది. దాన్నుంచి ఆమె తీసుకున్న సూత్రం సూటిగా ఉంటుంది: ఒక పని నేర్పాలంటే ఆ పనినే పదేపదే చేయించనక్కర్లేదు, అందులోని కదలికను ముందే వేరే పనిలో అలవాటు చేస్తే సరిపోతుంది. పెన్సిల్ పట్టకముందే పెన్సిల్ పట్టు రావాలంటే ఎలా అన్న ప్రశ్న అక్కడి నుంచి పుట్టిందే.

1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదవాడలో ఆమె 'పిల్లల ఇల్లు' అనే తన మొదటి బడి తెరిచినప్పుడు, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు చదువూ రాతా నేర్పాలన్న ఉద్దేశం ఆమెకు లేదు. ఆ వయసుకు అది తొందరే అని అందరిలాగే ఆమె కూడా అనుకున్నారు. అడిగింది తల్లులు. చదువురాని తల్లులు వచ్చి మా పిల్లలకు నేర్పండి అని పట్టుబట్టాక ఆమె పని మొదలుపెట్టారు. అంతకుముందు తను వాడిన చెక్క అక్షరాలు అచ్చంగా అలాగే చేయించాలని చూస్తే చేసేవాళ్లు దొరకలేదు. సరేనని కాగితంతో కత్తిరించారు, తాకి తెలుసుకోవడానికి గరుకు కాగితం అక్షరాలను నున్నటి అట్టల మీద అతికించారు. తీరా చూస్తే చెక్క అక్షరాలకన్నా ఇవే మేలైనాయి, ఎందుకంటే కాగితం చవక, ఒక్కో అక్షరం ఎన్ని కావాలంటే అన్ని ఉంటాయి, అక్షరాలు ఎక్కువ ఉంటేనే మాటలు పేర్చగలం. చెక్క పెట్టెల్లో అందంగా అమర్చిన సెట్టు కొనకపోతే పిల్లల భవిష్యత్తు ఏమైపోతుందో అని టెన్షన్ పడేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. ఆ సెట్టుకు మూలం డబ్బుల్లేక చేసిన సర్దుబాటు.

ముందు చేతి సంగతి చూద్దాం. మాంటిస్సోరి గదిలో మూడేళ్ల పాప పొద్దున్నుంచీ చేసే పనుల్లో సగం రాతకు తయారీయే, కానీ ఆ పేరు ఎక్కడా ఉండదు. చిన్న జగ్గులోంచి నీళ్లు ఇంకో జగ్గులోకి వంచడం, చెంచాతో గింజలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మార్చడం, క్లిప్పులు పెట్టడం, గుండీలు పెట్టడం, బల్లను ఎడమ నుంచి కుడికీ పై నుంచి కిందికీ తుడవడం. ఆ తర్వాత వచ్చేది చెక్క దిమ్మెల్లో గుంటలు, వాటిలో అమరే గుండ్రటి బిళ్లలు. ఇలాంటి దిమ్మెలు నాలుగు, ఒక్కోదానికి పది బిళ్లలు, ఒక్కో బిళ్లకు పైన చిన్న పిడి. సైజులు పోల్చి సరైన గుంటలో పెట్టడం పైకి కనిపించే ఆట. లోపల జరుగుతున్నది వేరు: ఆ పిడి ఎంత చిన్నదంటే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపితే తప్ప అది పైకి రాదు. అంటే పెన్సిల్ అన్న మాట ఎత్తకుండానే పెన్సిల్ పట్టు చేతికి అలవాటవుతోంది.

చేతికి అసలైన కసరత్తు లోహపు ఫ్రేములతో. మొత్తం పది ఆకారాలు, చదరం, త్రిభుజం లాంటి తిన్నటి అంచులవి కొన్ని, వృత్తం, అండాకారం, నాలుగు రేకుల పువ్వు లాంటి వంపులవి కొన్ని. ఒక్కో ఫ్రేము 14 సెంటీమీటర్ల చదరం, మధ్యలో ఆకారం ఖాళీ, ఆ ఖాళీలో సరిగ్గా అమరే బిళ్ల వేరుగా ఉంటుంది. పాప ఫ్రేమును అదే కొలత కాగితం మీద పెట్టి, ఎడమచేత్తో కదలకుండా అదిమి, రంగు పెన్సిల్‌తో లోపలి అంచు వెంట గీస్తుంది. ఫ్రేము తీస్తే కాగితం మీద ఆకారం ఉంటుంది, అదేదో అద్భుతం జరిగినట్టు మొహం వెలుగుతుంది. తర్వాత ఆ ఆకారం మీద బిళ్ల పెట్టి ఇంకో రంగుతో చుట్టూ గీస్తుంది. ఇక్కడ కష్టం ఎక్కువ, ఎందుకంటే ఫ్రేము లోపలి అంచు పెన్సిల్‌ని బయటికి పోనివ్వదు, బిళ్ల మాత్రం ఆసరా ఇస్తుందే కానీ ఆపదు. చివరికి ఆ ఆకారాన్ని పక్కపక్క గీతలతో నింపాలి. మొదట్లో గీతలు దూరదూరంగా, హద్దు దాటి, కొన్ని లావు కొన్ని సన్నం. వారాలు గడిచేకొద్దీ దగ్గరవుతాయి, హద్దులో ఆగుతాయి, ఒకే ఒత్తిడితో పడతాయి. ఆ కాగితాలను తేదీలు వేసి దాచిపెడితే చేతి ఎదుగుదల వరుసగా కళ్లముందు కనిపిస్తుంది, ఏ పరీక్షా అక్కర్లేదు. ఇందులో అక్షరం ఒక్కటీ లేదు, కాబట్టి తప్పు రాశావు అనే మాటకు చోటూ లేదు.

ఇంకో పక్క, చాలాసార్లు అదే వారాల్లో, గరుకు అక్షరాలు నడుస్తుంటాయి. అట్ట నున్నగా, అక్షరం గరుగ్గా ఉంటుంది. ముందు వేలి కొసలు గోరువెచ్చని నీళ్లలో ముంచి తుడుచుకోవాలి, అలా చేస్తే స్పర్శ బాగా తెలుస్తుంది. అట్టను ఒక చేత్తో పట్టుకుని, రాసే చేతి చూపుడు, మధ్య వేళ్లు రెండూ కలిపి అక్షరం వెంట, రాసే దిశలోనే, తేలిగ్గా నడిపించాలి. నొక్కితే కొసలు మండుతాయి, అందుకే పిల్లలే నొక్కడం మానేస్తారు. వేలు పక్కకు జారితే నున్నటి అట్ట తగులుతుంది, దారి తప్పానని వేలే చెబుతుంది, పెద్దవాళ్లు చెప్పక్కర్లేదు. ఈ ఒక్క లక్షణం కోసమే ఇన్ని తంటాలు. పిల్లల వేలు పట్టుకుని లాగుతూ దిద్దించేవాళ్లు ఆ లక్షణాన్నే చంపేస్తున్నారు, అప్పుడు కదిలేది పెద్దవాళ్ల చెయ్యి, పిల్లల వేలు ఊరికే వెంట వెళ్తుంది.

వేలు నడిచాక శబ్దం. తెలుగు పిల్లలకు ఇక్కడ ఓ వెసులుబాటు ఉంది, తెలుగులో అక్షరాన్ని పిలిచే తీరే దాని శబ్దం. ఇంగ్లిష్‌లో పేరు వేరు, శబ్దం వేరు కాబట్టి మాంటిస్సోరి బడుల్లో 'బీ, సీ' అనకుండా ముందు శబ్దమే చెబుతారు. ఏ భాషైనా పాఠం మూడు మెట్లలో సాగుతుంది, ఇది ఎడ్వార్డ్ సెగాన్ అనే ఫ్రెంచ్ వైద్యుడి నుంచి మాంటిస్సోరి తీసుకున్నది. మొదటి మెట్టులో "ఇది క, ఇది ల" అని చెప్పడం. రెండోదానిలో "ల ఏదీ? క మీద వేలు పెట్టు, ల నా చేతికివ్వు" అని ఆడించడం. మూడోదానిలో మాత్రమే "ఇదేంటి?" అని అడగడం. రెండో మెట్టు మీదే ఎక్కువ సేపు గడపాలి, ఎందుకంటే గుర్తుపట్టడం సులువు, గుర్తుతెచ్చుకుని చెప్పడం కష్టం. ఇళ్లలో మాత్రం మొదటి మెట్టు నుంచి నేరుగా మూడోదానికి దూకుతాం. చుట్టాలు వచ్చినప్పుడైతే మూడోది తప్ప ఇంకోటి ఉండదు.

ఏ అక్షరాలు కలిపి ఇవ్వాలన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. ఒకసారికి రెండో మూడో, అవి చూపుకీ చెవికీ దూరంగా ఉన్నవి కావాలి. వర్ణమాల వరసలో పోతే తెలుగులో చిక్కొస్తుంది, ఎ పక్కనే ఏ, ఒ పక్కనే ఓ, థ పక్కనే ద, దాని పక్కనే ధ. వరస పెద్దల శాస్త్రం, అది నోటికి రావడం మంచిదే, పాటలా పాడించొచ్చు, కానీ రూపాలు నేర్పే క్రమం అది కానక్కర్లేదు. క, ల, ఊ కలిపి ఇస్తే ఏ పిల్లకూ తికమక ఉండదు. మ వచ్చి స్థిరపడ్డాక కొన్నాళ్లకు దాన్ని పోలిన య, అలాగే ప వచ్చాక ఎప్పుడో వ, ష. ఖ, ఘ లాంటి వత్తక్షరాలు చాలా ఆఖర్న వచ్చినా కొంపేమీ మునగదు, పిల్లల మాటల్లో అవి తక్కువ.

తాకితే నిజంగా లాభం ఉందా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఫ్రాన్స్‌లో ఫ్లోరెన్స్ బారా, ఎడ్వార్డ్ జెంటాజ్, వారి సహ పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో, అక్షరాలను చూడటంతో పాటు చేత్తో తడిమి నేర్చుకున్న చిన్నపిల్లలు కేవలం చూసి నేర్చుకున్నవాళ్లకన్నా అర్థంలేని కొత్త మాటల్ని కూడబలుక్కోవడంలో ఎక్కువ ముందుకెళ్లారు. అంతవరకు మాంటిస్సోరి వైపే. కానీ 2012లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన కరిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ ఇంకా చదవడం రాని ఐదేళ్ల పిల్లలతో చేసిన చిన్న అధ్యయనం ఇంకో కోణం చూపించింది. పిల్లలు కొన్ని అక్షరాలను సొంతంగా రాశారు, కొన్నిటిని కీబోర్డు మీద కొట్టారు, కొన్నిటిని గీత వెంట దిద్దారు. తర్వాత ఆ అక్షరాలు చూపిస్తూ మెదడు స్కాన్ తీస్తే, చదివేటప్పుడు పనిచేసే భాగాలు చురుగ్గా కదిలింది సొంతంగా రాసిన అక్షరాల దగ్గరే. దిద్దినవాటికి ఆ ఫలితం రాలేదు. ఎందుకై ఉంటుందో ఊహించడం కష్టం కాదు, చుక్కల వెంట పోయేటప్పుడు మొత్తం ఆకారం మనసులో ఉండాల్సిన పనే లేదు, తర్వాతి చుక్క కనిపిస్తే చాలు.

అంటే గరుకు అక్షరం దగ్గరే ఆగిపోతే పని సగమే అయినట్టు. మాంటిస్సోరి వరసలో దాని వెంటనే ఇసుక పళ్లెం ఉండటం అందుకే. అంచులున్న వెడల్పు పళ్లెంలో పల్చగా సన్నటి ఇసుక. పాప గరుకు అక్షరం తడిమి, ఆ అట్టను పక్కన పెట్టి, గుర్తున్నదాన్ని వేలితో ఇసుకలో గీస్తుంది. ఇక్కడ వెంటపోవడానికి గీత లేదు, చుక్కలు లేవు, రూపం బుర్రలోంచే రావాలి. వంకర వస్తే పళ్లెం ఒకసారి ఊపితే చాలు, తప్పు మాయం. కాగితం మీద అయితే ఆ తప్పు అలాగే ఉండిపోతుంది, ఎర్రపెన్ను కూడా పడుతుంది. చుక్కలు కలిపే వర్క్‌షీట్లు ఇసుక పళ్లెం కన్నా శుభ్రంగా కనిపిస్తాయి, ఫైల్‌లో పెట్టి చూపించుకోవచ్చు, అందుకే అవి గెలుస్తున్నాయి. నేర్చుకోవడానికి అయితే ఇసుకదే పైచేయి.

ఇక బుద్ధి వైపు ఉన్న పెద్ద సాధనం పేర్చే అక్షరాలు. పెట్టెలో గళ్లు, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం బిళ్లలు చాలా ఉంటాయి. చాప పరిచి పాప మాట అనుకుంటుంది, ఆ మాటలో ముందు ఏం వినిపిస్తోంది, తర్వాత ఏం వినిపిస్తోంది అని పలుక్కుంటూ బిళ్లలు తెచ్చి వరసగా పెడుతుంది. పెన్సిల్ లేకుండానే రాసేస్తోందన్నమాట. చెయ్యి ఇంకా సిద్ధం కాకపోయినా మనసులో మాట బయటికొచ్చే దారి దొరికింది. చదవడం కన్నా రాయడం ముందు వస్తుందని మాంటిస్సోరి అన్నదీ దీన్ని చూసే: రాసేటప్పుడు మాట తనకు ముందే తెలుసు, చదివేటప్పుడు ఎదుటివాళ్ల మాటను గుర్తుల్లోంచి పట్టుకోవాలి, రెండోదే కష్టం.

ఈ సాధనాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడే అసలు బుర్ర పెట్టాలి, ఎందుకంటే ఇటాలియన్‌లో పాతిక లోపు అక్షరాలను పక్కపక్కన పెడితే ఏ మాటైనా వస్తుంది, మనకు గుణింతాలున్నాయి, ఒత్తులున్నాయి, అవి పైనా కిందా పక్కనా అంటుకుంటాయి. మొదటి విడతకు ఇబ్బంది లేదు. తల, జడ, ఈగ, ఆట, పడవ, ఊయల, ఏ గుర్తూ అక్కర్లేని మాటలు బోలెడు. పైగా మూడు బిళ్లల్లో పడవ అయిపోతుంది. పిల్లలకు మాటను ప-డ-వ అని విడగొట్టడం సహజంగా వస్తుంది, అంతకన్నా చిన్న శబ్దాలుగా చీల్చడమే ఆలస్యం, ఆ రకంగా మన లిపి పిల్లల చెవికి దగ్గరగా ఉంది.

గుణింతాలకు వచ్చేసరికి కొందరు కా, కి, కీ, కు అన్నీ విడివిడి బిళ్లలు చేస్తారు. అప్పుడు పెట్టె కాస్తా బీరువా అవుతుంది, పైగా గుణింతం వెనక ఉన్న లెక్క పిల్లలకు కనబడదు. అంతకన్నా మంచి దారి తలకట్టును విడి ముక్క చేయడం. క, గ, చ, త, ద, న లాంటివాటికి ఒళ్లు ఒక బిళ్ల, తలకట్టు ఇంకో బిళ్ల. తలకట్టు తీసి గుడి పెడితే కి. గుడి తీసి ఎత్వం పెడితే కె. అది ఎవరూ బట్టీ పట్టించిన గుణింతం కాదు, చేత్తో తీసి పెట్టిన గుణింతం, ఒక అక్షరానికి తెలిస్తే పక్కదానికి పిల్లలే ప్రయత్నిస్తారు. ఖ, జ, ట, ణ, బ, ల లాంటివాటికి అసలు తలకట్టే లేదన్నది కూడా వాళ్లే కనిపెడతారు, ఆ కనిపెట్టినప్పుడు చూడాలి హడావుడి. కొన్నిటి దగ్గర ఈ లెక్క అతకదు, మి, మొ, యి, యొ లాంటివి తమ దారి తమది అన్నట్టుంటాయి, అవి విడి బిళ్లలుగా ఇచ్చేయడమే మేలు.

ఒత్తులు తర్వాత ఎప్పుడో అనుకుంటే కుదరదు. పిల్లలు రాయాలనుకునే మొదటి మాట అమ్మ, రెండోది నాన్న, రెండిట్లోనూ ఒత్తే. "అది తర్వాత నేర్పుతా" అని వాయిదా వేయడం కన్నా మ-ఒత్తు, న-ఒత్తు బిళ్లలు రెండూ చేసి అడిగిన రోజే ఇచ్చేయడం మంచిది, సిద్ధాంతం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

పేర్చిన మాటలో తప్పులుంటే? 'కల్లు' అని పెట్టి కళ్ల బొమ్మ చూపిస్తుంది. ల, ళ తేడా, న, ణ తేడా, శ, ష, స తేడా పలికే నోటిలోనే సరిగ్గా లేకపోతే బిళ్లల్లోకి ఎక్కడ నుంచి వస్తుంది? ఆ సమయంలో దిద్దకూడదు. విన్నదాన్ని గుర్తుల్లో పెట్టగలిగింది, ఆ పాఠం లక్ష్యం అదొక్కటే. సరైన రూపం ఇంకో రోజు, ఇంకో ఆటలో, ల, ళ శబ్దాలు విడగొట్టి వినిపించే మాటలతో వస్తుంది. తప్పు కనిపించగానే చెయ్యి వెళ్లిపోయే పెద్దవాళ్లకు ఈ పద్ధతి మొత్తంలో కష్టమైన భాగం ఇదే.

రెండు దారులూ కలిసే చోటు గురించి మాంటిస్సోరి చెప్పిన సంఘటన బాగా తెలిసినదే. డిసెంబరులో ఎండగా ఉన్న ఒక రోజు పిల్లలతో మేడమీదికి వెళ్లి, ఐదేళ్ల పిల్లాడికి సుద్దముక్క ఇచ్చి అక్కడున్న పొగగొట్టం బొమ్మ గీయమన్నారు. వాడు గీశాడు. బాగుందని మెచ్చుకుంటే ఒక్క క్షణం ఆగి "నాకు రాయడం వచ్చు, నాకు రాయడం వచ్చు" అని అరుస్తూ నేల మీద చెయ్యి అని రాశాడు, పొగగొట్టం అని రాశాడు, ఇంటికప్పు అని రాశాడు. అప్పటిదాకా వాడు సుద్దతో గానీ పెన్నుతో గానీ ఒక్క మాటా రాయలేదు. ఆ తర్వాత రోజుల్లో మిగతా పిల్లలూ తలుపుల మీద, గోడల మీద, రొట్టెల మీద కూడా రాసుకుంటూ పోయారు.

ఈ కథను చాలామంది మంత్రంలా చెబుతారు, అక్కడే మోసపోతారు. చెయ్యి ఒక పక్క, శబ్దాలూ గుర్తులూ ఇంకో పక్క అప్పటికే తయారై ఉన్నాయి, ఆ రోజు కలిశాయి. తయారీ మొదలుపెట్టిన దగ్గర్నుంచి మొదటి మాట రాసేదాకా నాలుగేళ్ల పిల్లలకు సగటున నెల నుంచి నెలన్నర, ఐదేళ్ల పిల్లలకు నెల దాకా పట్టిందని ఆమె రాసుకున్నారు. ఆ అంకె చూసి మన పిల్లలకూ నెలన్నర అని క్యాలెండర్ పెట్టుకోవడం దండగ. అది పలికినట్టే రాసే, అక్షరాలు తక్కువున్న ఇటాలియన్ సంగతి. తెలుగు కూడా దాదాపు పలికినట్టే రాస్తాం కానీ గుర్తులు చాలా ఎక్కువ. మొదటి మాటలు తొందరగానే రావచ్చు, గుణింతాలన్నీ చేతిలో పడటానికి ఎక్కువ కాలం పట్టడం మామూలే. ఇక ఒకే పూటలో తెలుగూ ఇంగ్లిషూ రెండు లిపులూ మొదలుపెడితే ఎందులోనూ ఆ కలయిక తొందరగా రాదు, ఒకటి నిలదొక్కుకున్నాక రెండోది అందుకోవడమే సులువు.

ఇంట్లో చేసుకోవాలంటే గరుకు కాగితం, గట్టి అట్ట, జిగురు, కత్తెర ఉంటే అక్షరాలు తయారు. మరీ ముతక గరుకు కాగితం వద్దు, వేళ్లు మండితే రెండోసారి దగ్గరికి రారు. అక్షరం అరచేయంత ఉండాలి, అంతకన్నా చిన్నదైతే వేళ్లు తిరగవు. ఫ్రేములు లేకపోతే మందపాటి అట్టలో ఆకారాలు కోసుకున్నా పని జరుగుతుంది, కాస్త తొందరగా అరిగిపోతాయి, అంతే. ఎడమచేతి పిల్లలైతే ఎడమచేతి వేళ్లతోనే తడమాలి, అట్టను కుడిచేత్తో పట్టుకోవాలి. ఈ విషయంలో బలవంతం చేస్తే చేతికీ అక్షరానికీ మధ్య వేసిన దారంతా తెగిపోతుంది.

కాగితం మీదికి వచ్చాక కూడా మొదట గీతల్లేని కాగితమే, పెద్ద అక్షరాలే. సైజు దానంతట అది తగ్గుతుంది. అక్షరాలు ఒకే ఎత్తులో కూర్చోవడం మొదలైనప్పుడు కింద ఒక్క గీత ఉన్న కాగితం, ఆ గీత మీద నిలబడ్డాక రెండు గీతలది. తెలుగులో అక్షరానికి కింద ఒత్తు, పైన గుడి ఉంటాయి కాబట్టి గీతకూ గీతకూ మధ్య ఖాళీ ఇంగ్లిష్ కాపీ పుస్తకంలో ఉన్నదానికన్నా ఎక్కువ కావాలి. అలాంటి పుస్తకం దొరక్కపోతే తెల్లకాగితం మీద స్కేలుతో గీసుకోవడమే.